నడుంనొప్పి కర్మఫలమేనా?

మార్టూరు చుట్టుపక్కల మిరప కోతల కాలంలో నడుం పట్టేసిన కూలి మనిషిని పలకరిస్తే "ఏం చేస్తాం, రాసిపెట్టుంది" అంటుంది. ఆ మాట వెనకున్న ఓర్పు గొప్పది. అయినా నెలల తరబడి వదలని నొప్పిని పూర్వకర్మ ఖాతాలో వేయడం ధర్మదృష్టితో చూసినా సరికాదు. 1892లో బుద్ధుడి ధాతువుల పేటికలు బయటపడిన భట్టిప్రోలు, మార్టూరున్న ఈ బాపట్ల జిల్లాలోనే ఉంది. ఆ బుద్ధుణ్ణి మోళియ శీవకుడనే పరివ్రాజకుడు ఇదే అడిగాడు: మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లేనా? బౌద్ధ గ్రంథమైన సంయుత్త నికాయంలో ఉన్న జవాబు ఎనిమిది కారణాలు చెబుతుంది. పైత్యం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలవడం, రుతువు మారడం, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, దెబ్బ తగలడం అయ్యాక, చిట్టచివర కర్మ వస్తుంది. అన్నిటికీ కర్మే కారణమనేవాళ్లు తమ అనుభవాన్నీ లోకం ఎరిగిన సత్యాన్నీ కాదంటున్నారని ఆయన తేల్చాడు.

శరీరాన్ని చూసుకోవడమంటే మంచానికి అంటుకుపోవడం కాదు. మూడు నెలలు దాటిన నొప్పి చాలామందిలో లోపల ఏదో చెడిపోతోందనడానికి గుర్తు కాదు; ఆ భయంతో కదలిక తగ్గితే కండ సడలి, చిన్న పనికే నడుం మొరాయిస్తుంది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి నొప్పికి వ్యాయామాన్ని సిఫారసు చేసింది, నడుం బెల్టును వద్దంది. 249 ప్రయోగాలను పరిశీలించిన 2021 నాటి కోక్రేన్ సమీక్షలో, వ్యాయామం చేసినవాళ్లకు చేయనివాళ్లకంటే నొప్పి సగటున నూటికి 15 పాయింట్లు ఎక్కువగా తగ్గింది. నొప్పి మాయం కాలేదు, నిజమే. కానీ వంగి లేవడానికి భయపడే మనిషికి ఆ తేడా చిన్నది కాదు.

పొద్దస్తమానం వంగే మనిషికి మళ్లీ వ్యాయామమా అంటారు. చేలో ఎంతసేపు వంగాలో కాపూ పనీ నిర్ణయిస్తాయి. వ్యాయామంలో నిర్ణయం ఆమెది. చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిరుదులు మెల్లగా పైకెత్తి దించాలి. పది అనుకుంటే పదే. ఒళ్లు తేలిగ్గా ఉందని ఇరవై చేయకూడదు, కాస్త సలిపిందని మానకూడదు. వారం గడిచాక రెండు పెంచాలి. కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, మూత్రం అదుపు తప్పినా మాత్రం వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది: బీదవాళ్లను వ్యాయామం చేయమనడం, పని పెట్టిన బాధను వాళ్ల నెత్తినే రుద్దడం కాదా? బాధ్యతంతా ఆమెదే అంటే, కర్మ పేరుతో చేసిన తప్పే మళ్లీ చేసినట్టు. అందుకే కోతల మధ్య నడుం నిటారు చేసుకునే విరామాన్ని, బస్తా బరువు తగ్గించడాన్ని వ్యాయామంతో పాటే అడగాలి; ఆ విరామానికి కూలి కోయకూడదు.