ఎవరి గుడ్డు?

మా నిమ్మనపల్లెలో ఒకావిడకు క్షయ వచ్చింది. మందులు సర్కారు ఊరికే ఇస్తుంది. తిండికని బ్యాంకులో డబ్బు కూడా వేస్తుంది. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన ఆ సాయం 2024 నవంబరు నుంచి 1000 అయింది. ఆ డబ్బుతో కొన్న గుడ్లు ఆవిడ పిల్లలకు పెడుతోందని ఒక పెద్దాయన కోప్పడ్డాడు.

"అది నీ ఒంటికని ఇచ్చింది. వాళ్లకు పెడితే మోసం కాదూ?"

"బిడ్డలు చూస్తా ఉంటే నాకు గొంతు దిగుతుందా అన్నా?" అందావిడ.

న్యాయం ఎవరి వైపుందంటారు?

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది కదా. సరైన మందులు రాకముందు అక్కడ వైద్యమంటే మంచి గాలి, విశ్రాంతి, పుష్టిగా తిండి. 1950ల చివర మద్రాసులో పరిశోధన చేసి, మందు సక్రమంగా మింగితే పేదింట్లో చాలీచాలని తిండితోనైనా జబ్బు నయమవుతుందని తేల్చారు. దాంతో తిండి మాట వెనకబడింది. 2023లో వెలువడిన జార్ఖండ్ పరిశోధన దాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది. రోగి ఇంట్లోవాళ్లకు బియ్యం, పప్పు ఇస్తే వాళ్లలో క్షయ రావడం నూటికి 39 వంతులు తగ్గిందట!

అంటే ఆ తల్లి మోసం చేయలేదు, తెలియకుండానే వైద్యం చేసింది. కానీ తన పాలు తాను తినకపోతే రేపు ఆ పిల్లలకు గుడ్డు పెట్టేదెవరు? పెద్దాయన భయమూ అబద్ధం కాదు.

తప్పు కొలతలో ఉంది. జబ్బు ఒకరిది, ఆకలి ఇంటిల్లిపాదిది. ఇంట్లోవాళ్లకూ దాతల చేత తిండి సామాన్లు ఇప్పిస్తామని 2024లో సర్కారే అంది. ఆ మాట గడపదాకా వస్తే, ఆవిడ కూడా ఒక గుడ్డు నిశ్చింతగా తింటుంది.