వాసనచే మరలెడి దృష్టి

గౌతమీ వసిష్ఠ పాయల నడుమ కోనసీమలో ర్యాలి యను గ్రామము కలదు. అచట వేంచేసియున్న శ్రీ జగన్మోహినీ కేశవస్వామి మూర్తి ఏకశిల. ముందువైపు శంఖచక్రధారియైన కేశవుడు, వెనుకవైపు కొప్పు ముడిచిన మోహిని. మోహినిని వెంబడించిన పరమశివుని యెదుట ఆమె కొప్పులోని పువ్వొకటి రాలినదనియు, దానిని ఆఘ్రాణించినంతనే శివునకు ఆమె విష్ణువుగా గోచరించెననియు, పువ్వు రాలిన చోటగుటచే ఊరికి ఆ పేరు వచ్చెననియు స్థలపురాణము. అమృతము పంచునాడు అసురుల చూపును మరల్చినదియు ఈ మోహినియే. మనుజుని దృష్టి తన ప్రమేయము లేకయే ఎట్లు మరలునో తలపోయుటకు ఇంతకంటె తగిన క్షేత్రము వేరొకటి లేదు.

ర్యాలి ఆత్రేయపుర మండలములోనిది. ఆత్రేయపురమనగానే ఆంధ్రులకు తట్టునది పూతరేకులు. జావగా కలిపిన బియ్యపు పిండిలో పలుచని గుడ్డను ముంచి, బోర్లించిన వేడి కుండపై పూసి తీసిన రేకులో నేయియు పంచదారయో బెల్లపు పొడియో చేర్చి చుట్టుదురు. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. స్వామి దర్శనమునకు బండిలో పోవుచున్న ఇరువురిని తలచుడు. ఒకడు పూతరేకు నెన్నడును రుచి చూడనివాడు. వాని కంటికి దారిలోని దుకాణపు పలకలు అన్ని పలకల వంటివే. రెండవవాడు చిన్ననాట తాతగారి చేతినుండి తినినవాడు. ఇపుడాతనికి మధుమేహము, వైద్యుడు తీపి వలదన్నాడు, కడుపు నిండియున్నది, కొనవలెనన్న తలంపు లేదు, పెదవులపై ద్వాదశనామములున్నవి. ఐనను పలక కనబడగానే చూపు అటు పోవును. పోయిన పిదపనే పోయినదని తెలియును!

ఈ రెండవవాని చూపును లాగినది ఆకలి కాదు, కోరికయు కాదు. దానినే శాస్త్రము వాసన యన్నది. లోకమున వాసన యనగా పరిమళము. బట్టల పెట్టెలో మొగలిపువ్వు నుంచుట గోదావరి ప్రాంతపు గృహిణులెరిగినదే. పువ్వు తీసివేసినను బట్టను పరిమళము విడువదు. అట్లే సుఖము గడచిపోయినను, దాని జాడ చిత్తమున నిలిచి ఇంద్రియములను తనవైపు త్రిప్పుకొనును.

ఇది కేవలము వేదాంతుల మాటయని త్రోసిపుచ్చువారికి ఒక సంగతి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున ఆండర్సన్, లారెంట్, యాంటిస్ అను మువ్వురు పరిశోధకులు 2011లో ఒక పరీక్షను ప్రకటించిరి. తెరపై కనబడు వలయములలో ఎఱ్ఱనిదానినో పచ్చనిదానినో వెదకి చెప్పినవారికి చిల్లర నాణెముల పాటి ధనము ముట్టుచుండును. ఒక రంగుకు ఎక్కువ, రెండవదానికి తక్కువ. పిమ్మట ధనము మానివేసిరి. ఈ మారు ఆకారమును బట్టి వెదకవలెను, రంగుతో నిమిత్తము లేదు. ఐనను మునుపు లాభమిచ్చిన రంగు ఒక మూల కనబడినచో, వారి సమాధానము ఆలస్యమైనది. చూపు అటు పోయి వచ్చినదన్నమాట. ఆరు మాసములు గడచిన తరువాత కూడ ఆ లాగుడు మిగిలియున్నదని 2013లో తెలిపిరి. కొలదిపాటి చిల్లరకే ఇంతటి పట్టున్నచో, దినమునకు నూరుమారులు చేతిలో మ్రోగి, ఒకప్పుడు శుభవార్తయు ఒకప్పుడు వట్టి శబ్దమును వినిపించు సెల్‌ఫోను మాట చెప్పనేల? సన్నిధిలో ఎవరిదో మ్రోగినను పదిమంది చేతులు తమ జేబుల వైపు పోవుచున్నవి.

జపమున కూర్చుండి మనసు పారిపోయినదని తన్ను తాను నిందించుకొను గృహస్థులు పెక్కుమంది కలరు. తాము భక్తికే తగమని కొందరు జపమాలను ప్రక్కన పెట్టుదురు. ఇది సరికాదు. కోరకయే మనుజుడు పాపమునకేల త్రోయబడుచున్నాడని గీత మూడవ అధ్యాయమున అర్జునుడును అడిగెను. ద్వితీయాధ్యాయమున భగవానుడు చెప్పిన పతనక్రమము కన్ను పడుటతో మొదలు కాలేదు, విషయమును తలపోయుటతో మొదలైనది. మొదటి చూపు వాసనది. అచటనే నిలిచిన రెండవ చూపు మాత్రము మనుజునిది.

భాగవత పంచమస్కంధమందలి భరతుని వృత్తాంతము ఈ రెండవ చూపును గూర్చినదే. రాజ్యము విడిచినవాడు, గండకీ తీరమున తల్లి చచ్చిన లేడిపిల్లను దయతో పెంచెను. దయ తప్పు కాదు. కాని అనుష్ఠానము నడుమ మాటిమాటికి లేచి అది ఎచట నున్నదోయని చూచుకొనుట అలవడెను. ఆ చూపే అంత్యకాలమున నిలిచి, లేడి జన్మము తెచ్చెను.

ఆ తరువాతి స్కంధముననే అజామిళుడు కనబడుట చిత్రము. తెలుగు భాగవతమున పంచమస్కంధమును గంగన, షష్ఠమును ఏర్చూరి సింగన రచించినందున కాబోలు, పాఠకులు ఈ రెండు కథలను జోడించి చదువుట అరుదు. అజామిళునకు కడసారి బిడ్డడు నారాయణుడు. తాను తినునపుడు తినిపించుచు, త్రాగునపుడు త్రాగించుచు, వేయిమారులు ఆ పేరు పిలిచెను. పిలిచిన ప్రతిసారి బిడ్డ నవ్వు లభించెను. యమభటులను చూచిన భయములో ఆ నామమే వెలువడెను. అది ధ్యానము కాదు, సంకల్పము కాదు; వాసనయే. భరతుని లాగినదియు, ఇతనిని తేల్చినదియు ఒక్కటే యంత్రము. విష్ణుదూతలు వచ్చుటకు అదియే చాలెను.

కనుక ధనుర్మాసమున తెల్లవారకముందే లేచి, వణకుచు కోవెలకు వచ్చు పిల్లలను “పొంగలి కొరకే వచ్చినారు” అని పెద్దలు పరిహసించుట తగదు. పొంగలి కొరకే వచ్చినారు, నిజమే. తిరుప్పావై అర్థము వారికి తెలియదు. కాని చలిలో గంట మ్రోగుట, నేతి పరిమళము, వేడి దొన్నె, ఆ పాశురపు వరుస ఒక్కచోట చేరుచున్నవి. ముప్పది ఏండ్లకు ఏ హైదరాబాదు వీధిలోనో గంట వినబడగా వారి తల తనంత తానే అటు తిరుగును. ఈ మర్మమెరిగిన అర్చకులు కొందరు, పిల్లవాడు దోసిలి పట్టినను వెంటనే వేయరు. స్వామి పేరు చెప్పుమందురు. వాడు పెద్దగా చెప్పిన పిదపనే పొంగలి దోసిటిలో పడును.