చంద్రగిరిలో నిత్యానిత్యములు

గూడూరులో వేకువ రైలెక్కి, వెంకటగిరి, కాళహస్తి, రేణిగుంటలు దాటి తిరుపతిలో దిగినప్పుడు, నాతో దిగిన జనసందోహమంతయు గోవిందనామములతో కొండదారి పట్టగా, నేను మాత్రము పడమటి దిక్కున చంద్రగిరికి పోవు బస్సెక్కితిని. దైవసన్నిధికి ముందు దుర్గదర్శనమేమని మనస్సు కొంత పీకినది. కాని చిరకాలముగా నన్ను విడువని ఒక సందేహమునకు సమాధానము ఆ కొండకును ఈ కోటకును నడుమనే యెక్కడనో ఉన్నదని తోచుచుండెను. మనుష్యుడు చేసినదానికి నిత్యత్వమనునది కలదా? కలదేని అది యెట్టిది?

అభ్రకమును గోటితో పొరలు పొరలుగా ఒలుచుచు పెరిగిన గూడూరువాడను గనుక, రాయి యనగా చెదరనిదని నేనెన్నడును నమ్మలేదు. అయినను పేటవీధి గడచి, కోటగోడల ద్వారము దాటి, బండకొండ పాదమున నిలిచిన రాజమహలును చూచినప్పుడు ఆ నమ్మకము కొంత చలించినది. కలప వాడక, ఇటుకయు రాయియు సున్నమును మాత్రమే కూర్చి మూడంతస్తులుగా లేపిన మందిరమది. ఒక గోడ మూల గచ్చు ఊడి ఇటుకల వరుస బయటపడియున్నది. దాని ప్రక్కనే ఇటీవల పూసిన మరమ్మతు గచ్చు. వ్రేలితో తాకి చూచితిని. పాతది నున్నగా, చల్లగా నున్నది, క్రొత్తది గరుకు. ఆ రెంటి సరిహద్దున వెండ్రుక పాటి బీట.

సాళువ నరసింహుడు 1485లో విజయనగర సింహాసన మెక్కక పూర్వము ఏలినది ఈ చోటినుండియే. అచ్యుతరాయలు పట్టాభిషిక్తుడు కాకముందు నిర్బంధమున నుండినదియు ఇక్కడనే. 1565 నాటి తళ్లికోట యుద్ధముతో హంపి కూలగా పెనుగొండకు తరలిన రాజలక్ష్మి, వేంకటపతిరాయల కాలమున చంద్రగిరికి వచ్చి నిలిచినది. 1639లో ఇంగ్లీషువారికి చెన్నపట్టణపు సముద్రతీరమును ఇచ్చిన దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఈ ప్రభువుల సామంతుడే. పిమ్మట గోలకొండవారు వచ్చిరి, మైసూరువారు వచ్చిరి. ఇప్పుడు ఆ మందిరములో పురావస్తు ప్రదర్శనశాల యున్నది, రాజు లేడు.

వేంకటపతిరాయలు శ్రీవారికి నైవేద్యమైనదని తెలియనిదే అన్నము ముట్టెడివాడు కాడనియు, అందులకై తిరుమల మొదలు చంద్రగిరి వరకు గంటామండపములు కట్టించి, ఒక గంట విన్నవాడు తన గంట మ్రోగింపగా ఆ వార్త రాజమందిరము చేరెడిదనియు ఈ ప్రాంతమున చెప్పుకొందురు. ఈ కథను నేను బాల్యమున భక్తికథగా వింటిని. ఆ పగలు రాజమహలు మెట్లపై కూర్చుండి తత్త్వకథగా వింటిని. కొండమీద మ్రోగిన గంట నాదము కోటకు చేరలేదు. అది నడుమనే గాలిలో అణగినది. అణగకముందే మరియొకడు అందుకొన్నాడు. రాజు చెవిని పడిన నాదము స్వామి సన్నిధిని పుట్టినది కాదు, అయినను ఆయన విన్నది ఆ సన్నిధి వార్తయే.

మన శాస్త్రకారులు నిత్యత్వమును రెండు తెరగుల చెప్పిరి. ఏ మార్పును లేక ఉన్నదున్నట్లుండునది కూటస్థనిత్యము. మారుచునే తెగక సాగునది ప్రవాహనిత్యము. మొదటిది బ్రహ్మమునకు చెల్లును. మనుష్యకృత్యములకు దక్కిన రెండవదానిని చాలదనుకొని, మొదటిదానికి ఆశపడి కట్టినది దుర్గము.

జపానుదేశపు కోటలను గూర్చి చదివినప్పుడు నాకీ భేదము మరింత స్పష్టపడినది. వేంకటపతిరాయలు ఈ దేశమున ఏలుచుండగనే, 1609లో, అక్కడ హిమేజీ దుర్గపు మహాసౌధము పూర్తియైనది. అది దారుమయము. 1956 మొదలు 1964 వరకు దానిని విప్పి మరల కూర్చినపుడు, అంతస్తులన్నిటిని మోయు రెండు మహాస్తంభములలో పడమటిది జీర్ణించియుండగా క్రొత్త మ్రానుతో మార్చిరి. కోట హిమేజీ కోటయే, దాని క్రింది పేట దాని పేటయే. ఇసే క్షేత్రమున ఇంకను ముందునకు పోయి, ప్రతి 20 ఏండ్లకు ఆలయమునే ప్రక్క స్థలమున నూతనముగా నిర్మించి దైవమును తరలింతురు. 690లో మొదలైన ఆ ఆచారము యుద్ధకాలమున నూరేండ్లకు పైగా ఆగిపోయియు, మరల అందుకొనబడి, 2013లో 62వ పర్యాయము జరిగినది.

ఇది పరదేశపు వింత కాదు. తిరుమలలో 12 ఏండ్లకొకసారి జరుగు అష్టబంధన మహాసంప్రోక్షణమును తలచుడు. 2018 ఆగస్టులో జరిగినది. స్వామి కళను బాలాలయమునకు వేంచేపు చేసి, లక్క, గుగ్గిలము, తేనెమైనము, వెన్న మొదలగువానిని రోకళ్లతో దంచి ముద్దచేసి, మూలమూర్తి పాదపీఠపు సందులలో నింపుదురు. దైవము చలింపడు, మనము వేసిన బంధము మాత్రము సడలును. ఆ సడలుటను ముందే అంగీకరించి దానికొక విధిని ఏర్పరచిన ఆగమకర్తల వినయమునకు నేను నమస్కరించుచున్నాను.

రాజుల మాన్యములు లేనిదే కొండకు ఆ వైభవమెక్కడిదని అడుగవచ్చును, నిజమే. కాని కోటకు దిక్కు ఒక వంశము. అది తెగినంతనే దీపము పెట్టువాడు లేడు. కొండమీద ఏలికలు మారిరి: ఆర్కాటు నవాబులు, కుంపిణీవారు, 1843 నుండి హాథీరాంజీ మఠ మహంతులు, 1933 నుండి దేవస్థానము. ఒకరి చేతినుండి జారినది మరియొకరి చేత పడినది. కావున నిత్యత్వము కట్టినవాని బలములో గాక, అందుకొనువాని చేతిలో నున్నదని నాకు నిశ్చయమైనది.

మధ్యాహ్నమైనది. ఎంత చెవి యొగ్గినను రాజమహలులో ఏ గంటయు వినబడలేదు. చిలుకలు మాత్రము అరచుచుండెను.

మరునాడు కొండ ఎక్కితిని. మహాద్వారము లోపల, ప్రతిమామండపము ప్రక్కన, నైవేద్యవేళ యగుటచే వరుస ఆగినది. ఆ వేళలను అక్కడ నేటికిని మొదటి గంట, రెండవ గంట అనియే అందురు. ఎదుట, రాగి విగ్రహమై, కోట విడిచి వచ్చినవానివలె చేతులు జోడించి నిలిచియున్నవాడు వేంకటపతిరాయలు. లోపల రెండవ గంట మ్రోగినది.