మాఫీలో సిగ్గు ఎవరిది?

మాది అటానమస్ కాలేజీ. అమెరికా యూనివర్సిటీలకు అప్లై చేసే పిల్లలు నా దగ్గరికి రెండు పనుల మీద వస్తారు. ట్రాన్స్‌క్రిప్టు కవరు అంటించిన చోట సంతకం, స్టాంపు వేయించుకోవడానికి దర్జాగా వస్తారు. అప్లికేషన్ ఫీజు మాఫీకి ఉత్తరం కావాలంటే మాత్రం స్టాఫ్ రూము ఖాళీ అయ్యేదాకా బయటే తచ్చాడతారు. "మేడమ్, నాన్న ఆటో నడుపుతారని రాయాలా?" అని ఒకమ్మాయి గొంతు తగ్గించి అడిగింది.

ఆ సిగ్గు ఎవరు పడాలి? తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, చదువు ముగించిన శిష్యుడికి గురువు దానం గురించి చెబుతాడు. అక్కడ సిగ్గుతో ఉండమన్నది ఇచ్చేవాణ్ణి. మనం దాన్ని తిరగేశాం.

చదువుకు ముందే డబ్బు అడగడమూ పాత పద్ధతి కాదు. జీతం మాట్లాడుకుని వేదం చెప్పేవాణ్ణి శ్రాద్ధానికి పిలవొద్దంది మనుస్మృతి. గురుదక్షిణ కూడా చదువు పూర్తయ్యాకే. శూద్రులకు ఆ చదువు దక్కనివ్వనిదీ ఆ గ్రంథమే కనుక ఆ కాలాన్ని నేను మెచ్చుకోను. కానీ రుషి రుణం, అంటే జ్ఞానమిచ్చిన రుషులకు మనం పడ్డ బాకీ, అన్న ఆలోచనను వదులుకోను. అది డబ్బుతో తీరదు, చదివితేనే తీరుతుంది. అంటే చదువుకోవడానికి వచ్చినవాడు బాకీ తీర్చడానికి వచ్చాడన్నమాట. అతన్ని అప్లికేషన్ ఫీజు కట్టాకే లోపలికి రమ్మంటున్నాం.

అప్లికేషన్లు చూసే ఉద్యోగులకు జీతాలివ్వాలి, నిజమే. ఆ ఖర్చు కట్టగలిగినవాళ్లు కడతారు. కట్టలేనివాళ్లకు మాఫీ చేయడం దయ కాదు, పద్ధతి. అందుకే నా ఉత్తరంలో బతిమాలడం ఉండదు. తండ్రి వృత్తి, ఇంటి ఆదాయం, మార్కులు రాసి సంతకం పెడతాను.