సందేహం ఎవరి నెత్తిన?

వైద్యుడు సరిగా పరీక్ష చెయ్యకపోతే ఆ నష్టం ఎవరు భరించాలి? ఇది వకీళ్లు తేల్చుకోవలసిన ప్రశ్న అని చాలామంది తప్పుకుంటారు. నాకు మాత్రం ఇది మొట్టమొదట నీతికి సంబంధించిన ప్రశ్న.

నేను హిందూపురంలో బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. అర్జీలు రాయించుకోవడానికి మాజీ సైనికులు నా దగ్గరికి వస్తూ వుంటారు. వారిలో ఒకతనిది పెనుకొండ పక్క పల్లె. ఫిరంగి దళంలో పదిహేడేళ్లు పనిచేసి, ఇప్పుడు ధర్మవరంలో అత్తవారింట గుంటమగ్గం నేస్తున్నాడు. కుడిచెవి బొత్తిగా వినపడదు. మగ్గం దెబ్బ సరిగా పడిందో లేదో చేతి అదురుతో తెలుసుకుంటాడు. విడుదలయ్యేటప్పుడు మెడికల్ బోర్డు చెవుడు వున్నదని ఒప్పుకొని, అది సైనిక సేవ వల్ల కలిగింది కాదని ఒక్క వాక్యం రాసింది. కారణం లేదు.

"ఏ ఫిరంగి దగ్గర ఎన్నేండ్లు నిలబడితివని అడగనే లేదు అయ్యవారూ. కాయితం చూసి రాసేసినారు."

"మరి సంతకం ఎందుకు పెడితివి నాయనా?"

"పెట్టమన్న చోటల్లా పెట్టడమే గదా పదిహేడేండ్లు నేర్చుకున్నింది!"

ఇంటిపట్టున వున్నా ఈ చెవుడు వచ్చేదేమో, వైద్యుడికి మాత్రం ఎలా తెలుస్తుందని మిత్రులు అంటారు. ఈ మాటను తోసెయ్యడానికి వీల్లేదు. సందేహం నిజమైనదే. కాని చేర్చుకున్ననాడు పళ్లు మొదలు పాదాల దాకా చూసి, లోపం లేదని రాసుకున్నది ప్రభుత్వమే. ఆ తరువాత ఆ శరీరం ఎక్కడ నిలబడాలో, ఎంతసేపు నిలబడాలో నిర్ణయించిందీ అదే. రికార్డులూ దాని బీరువాల్లోనే వున్నవి. ఇప్పుడు నేతగాణ్ణి రుజువు తెమ్మనడం, తూకం తన చేతిలో వుంచుకున్న మండీ వ్యాపారి తరుగు లేదని రైతునే నిరూపించమన్నట్టు వున్నది.

1985లో సైన్యంలో చేరి, 1994లో మూర్ఛవ్యాధి కారణంగా ఇంటికి పంపబడిన ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో ఈ బరువును దించవలసిన చోటే దించింది. చేరేనాటి కాయితాల్లో జబ్బు రాసిలేకపోతే, అది సేవలో వచ్చినట్టే భావించాలి. చేరేనాటి పరీక్షలో బయటపడే జబ్బు కాదంటే, ఎందుకు కాదో బోర్డు కారణం రాయాలి. సందేహముంటే సైనికుడికే లాభం. ఇదంతా 1982 నియమాల్లోనే వున్నది. సిపాయి చదవలేదు సరే, చదవవలసినవాళ్లూ చదవలేదు.

2023 సెప్టెంబరు తరువాత విడుదలయ్యేవారికి కొత్త నియమాలు వచ్చినవి. ఈ పెన్షను దుర్వినియోగమవుతున్నదని వాదన. దొంగ అర్జీలు వుండవని నేననను. దొంగను పట్టుకోవడానికైనా పరీక్ష చెయ్యాలి గదా!

తిరస్కార పత్రం ఇంగ్లీషులో వుండడంచేత ఎనిమిది నెలలు ట్రంకుపెట్టెలోనే వుండిపోయింది. మొదటి అప్పీలుకు గడువు ఆరు నెలలు. అక్కడ కాదంటే రెండో అప్పీలు, ఆపైన సైనిక ట్రిబ్యునలు. దాని బెంచి మనకు చెన్నైలో. మగ్గం దిగి వెళ్లిన ప్రతి రోజూ కూలి పోతుంది.

ఆలస్యాన్ని మన్నించమనీ, చెవుల నిపుణుడి చేత యంత్రపరీక్ష చేయించమనీ, కారణాలు రాయించమనీ అప్పీలు రాశాను. "దయతో" అన్న మాట వెయ్యలేదు. అతను ఒప్పుకోలేదు.

"పెద్దోళ్లు చదివేది. ఒక్క మాటకు ఏం పోతుంది అయ్యవారూ?"

ఆ మాట దగ్గర మా ఇద్దరికీ ఇంకా కుదరలేదు.