పక్క సీటు సాక్ష్యం

తెలుగులో సంసారాన్నీ నడుపుతాం, బండినీ నడుపుతాం. మొదటిది నేర్పుగా నడిపిన స్త్రీని లోకం ఇల్లాలంటుంది. రెండోది నేర్పుగా నడిపితే మగాడిలా నడుపుతోందంటుంది. భార్యాభర్తలు సంసార రథానికి రెండు చక్రాలని పెళ్లిళ్లలో పెద్దలు చెబుతుంటే, మరి పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో ఒక్కరూ చెప్పరేమని నాకు ఎప్పుడూ అనుమానమే.

రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న కారు కొన్నాను. 2015లో తయారైన పోలో జీటీ టీఎస్ఐ. 1.2 లీటర్ల ఇంజను, దానికి టర్బో, 105 హార్స్ పవర్, ఏడు గేర్ల ఆటోమేటిక్. పుణె దగ్గరి చాకన్‌లో పోలో తయారీ 2022లో ఆగిపోయింది కనుక ఇప్పుడు కావాలంటే ఇంకొకరు వాడిందే కొనాలి. ఇలాంటి వాటిని ‘హాట్ హ్యాచ్’ అంటారు. 1976లో వచ్చిన గోల్ఫ్ జీటీఐతో ఆ మాటకి ప్రచారం పెరిగింది. కూరగాయల సంచులకీ స్కూలు పిల్లలకీ సరిపోయే శరీరంలో పరుగు పందెపు గుండె పెట్టటమే దాని కిటుకు. చిత్రమేమిటంటే, అదే చిన్న కారు మామూలు ఇంజనుతో ఉంటే మనవాళ్లు ‘లేడీస్ బండి’ అంటారు. టర్బో తగిలిస్తే అది మగపిల్లలదైపోతుంది. జెండర్ అనేది ఎక్కడ తయారవుతుందో చూపించటానికి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ నాకు తరగతి గదిలో దొరకలేదు.

కొంటున్నానంటే అడిగిన మొదటి ప్రశ్న, ‘‘నీకు అదెందుకు?’’ రాత్రిపూట భద్రత కోసమనో, అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లటానికనో చెప్పి ఉంటే అందరూ తలూపేవారు. మన ఉద్యమం కూడా అవసరం, హక్కు, భద్రత అన్న మాటల్ని కష్టపడి సంపాదించి పెట్టింది. వాటి విలువ నేను తగ్గించను. కానీ అవసరం పేరు చెబితే తప్ప స్త్రీ ఏదీ కోరకూడదన్న నియమం ఆ మాటల చాటున ఇంకా బతికే ఉంది. నాకు ఆ కారు నచ్చింది. యాక్సిలరేటర్ నొక్కితే వీపుని సీటు తోస్తుంది చూడండి, అది నచ్చింది. మగ సంస్కృతి అంటించిన కోరిక నాదెలా అవుతుందని ఒక స్నేహితురాలు వాదించింది. నాకు చదువు పట్ల ఉన్న కోరిక కూడా మగవాళ్లు కట్టిన విశ్వవిద్యాలయంలో పుట్టిందే. పుట్టుక చూసి కోరికల్ని వేరుచేస్తూ పోతే చివరికి చేతిలో ఏం మిగులుతుంది? అది ఎవరికి హాని చేస్తుందన్న ప్రశ్న నాకు ఎక్కువ బరువైనదిగా తోస్తుంది. ఆ ప్రశ్న కొనేటప్పుడే ఎదురొచ్చింది.

వాడిన కారు కొనటమంటే ఒక మనిషి మాట నమ్మాలా అన్నదే అసలు సమస్య. మీటరు తిప్పేస్తారు. గుద్దిన డోరుకి పుట్టీ పెట్టి రంగు కొడతారు. అందుకే రంగు మందం కొలిచే పరికరంతో చూస్తారు, స్కానర్ పెట్టి లోపల నమోదైన లోపాలు చదువుతారు. అమ్ముతున్నాయన మర్యాదస్తుడు. సర్వీసు కాగితాలన్నీ వరసగా పెట్టుకున్నాడు. ఆర్‌సీ మాత్రం భార్య పేరు మీద ఉంది. ఇలా భార్యల పేరు మీద ఉన్న ఇళ్లూ కార్లూ మన చుట్టూ బోలెడు. దానికి కారణాలు ప్రేమలో కన్నా లెక్కల్లో ఎక్కువగా దొరుకుతాయి. ఫారం 29, ఫారం 30 మీద యజమాని సంతకం కావాలి కాబట్టి ఆమెనీ వెంటబెట్టుకొచ్చాడు. ముప్పై దాటి ఉండదు. సంతకం ఎక్కడ పెట్టాలో ఆయన వేలితో చూపించాల్సి వచ్చింది.

ఆయన ఆధార్ జిరాక్సుకి వెళ్లిన ఐదు నిమిషాల్లో ఆమె అంది: ‘‘అక్కా, ఇది ఒకసారి గుద్దింది. బెలూన్లు రెండూ తెరుచుకున్నయి. ఆయన దిక్కుది కొత్తది ఏపిచ్చిండ్రు. నా దిక్కుది ఏపియ్యలే.’’ కాసేపాగి, ‘‘నేను చెప్పిన్నని అనకు’’ అంది.

2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు మన దేశపు కార్లని గోడకి గుద్దించి ఫలితాలు ప్రకటించారు. ఎయిర్‌బ్యాగులు లేని పోలోకి పెద్దవాళ్ల రక్షణలో వచ్చింది సున్నా. రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకి నాలుగు నక్షత్రాలు. ఆ తర్వాత ఎయిర్‌బ్యాగులు లేని రకాన్ని కంపెనీ అమ్మకం నుంచి తీసేసింది. అంటే నేను కొనబోతున్న కారులో కుడివైపు కూర్చున్న మనిషికి ఒక లెక్క, ఎడమవైపు మనిషికి ఇంకో లెక్క. స్కానరుకి ఇది తెలియలేదు. ఎయిర్‌బ్యాగు ఉండాల్సిన తీగల చివర ఒక చిన్న రెసిస్టర్ అతికిస్తే కంప్యూటరు అన్నీ సవ్యంగా ఉన్నాయనుకుంటుంది, డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలగదు. మా మెకానిక్ భాయ్‌తో, ఏ బండయినా నేను డాష్‌బోర్డు విప్పించి చూడందే కొననని ఆయన ముందే గట్టిగా చెప్పాను. విప్పారు. తీగలున్నాయి, రెసిస్టర్ ఉంది, ఎయిర్‌బ్యాగు లేదు. ‘‘షెడ్డువాళ్లు మోసం చేశారు మేడం’’ అన్నాడాయన. నిజమే కావచ్చు. ఆమె ఫోను చూసుకుంటూ కూర్చుంది. కొత్త ఎయిర్‌బ్యాగుకీ, దాన్ని నడిపే మాడ్యూల్‌కీ అయ్యే డెబ్బై వేల పైచిలుకు ధరలో తగ్గించుకుని కారు తీసుకున్నాను.

ఆమె చేసింది సరైనదేనా? డెబ్బై వేలు ఆమె ఇంటి సొమ్ము కూడా. కెరల్ గిల్లిగన్ 1982లో వచ్చిన తన పుస్తకంలో, స్త్రీలు చాలాసార్లు నియమాలకన్నా సంబంధాలనీ వాటి బాధ్యతలనీ తూచి నైతిక నిర్ణయాలు చేస్తారని చెప్పింది. అలా తూస్తే ఆమె నోరు మూసుకోవాలి. చేతిలో ఉన్న సంబంధం భర్తది, నేనెవరో దారిన పోయే దాన్ని. బెరెనిస్ ఫిషర్, జోన్ ట్రోంటో ‘కేర్’ని ఇంకా విశాలంగా నిర్వచించారు. మనం బతికే లోకాన్ని నిలిపే, కొనసాగించే, బాగుచేసే పనంతా వాళ్ల లెక్కలో కేరే. ఇంత విశాలమైతే ఆ మాటకి అర్థమే లేదని విమర్శించినవాళ్లున్నారు. ఈ కారు విషయంలో మాత్రం నాకు ఆ వైశాల్యమే కావాల్సి వచ్చింది. తన తర్వాత ఆ సీటులో ఎవరు కూర్చుంటారో ఆమెకి తెలియదు. మా అమ్మ అని తెలియదు. ఆ సీటు మాత్రం తెలుసు.

ఆమె నమ్మకద్రోహం చేసిందని ఒక సహోద్యోగి అన్నారు. నేను ఒప్పుకోను. రహస్యం ఇద్దరూ కలిసి నిర్ణయించుకున్నదైతే ద్రోహం అనొచ్చు. ఆమెని ఎవరూ అడగలేదు, ఎయిర్‌బ్యాగు వెయ్యనప్పుడూ అడగలేదు, దాచినప్పుడూ అడగలేదు. పైగా చట్టం ప్రకారం ఆ కారు ఆమెదే. పేరుకి మాత్రమే అయిన యాజమాన్యం ఆ ఐదు నిమిషాలు నిజంగా ఆమె చేతికొచ్చింది, దాన్ని ఆమె వాడుకుంది. నన్ను ఇంకా వేధించేది వేరే ఉంది. ఏడాదికి పైగా ఆమె ఆ విషయం తెలిసీ అదే సీటులో కూర్చుని తిరిగింది. ఒళ్లో పాపతో కూడా, బహుశా.

మెయింటెనెన్సు గురించి ఎక్కువ చెప్పను. వేళకి ఆయిలు, స్పార్క్ ప్లగ్గులు, ట్రాఫిక్‌లో గేరుపెట్టెని పాకించకుండా ముందు బండికి కాస్త దూరం వదలటం, ఇంతే. ఒక్కమాట. మగవాడు ఆదివారం కారు తుడిస్తే అది అభిరుచి. ఇంట్లో అదే గుడ్డతో అదే తుడుపు రోజూ జరిగితే దానికి పేరు లేదు. బెర్తా బెంజ్‌ని ఇక్కడ తలుచుకోవాలి. తన కట్నం డబ్బు భర్త వ్యాపారంలో పెట్టిన మనిషి. 1888 ఆగస్టులో ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్ల పైగా కారులో వెళ్లింది. పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తీసింది, బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడితో తోలు వేయించింది. కారుకి చేసిన తొలి రిపేర్లలో, మార్పుల్లో అవి ఉంటాయి. పేటెంటు మాత్రం భర్త పేరు మీదే.

మార్పులంటే ఇప్పటి కుర్రాళ్ల భాషలో రీమ్యాప్. ఇంజను కంప్యూటరులో టర్బో ఒత్తిడినీ పెట్రోలు మోతాదునీ మార్చి రాస్తే అదే ఇంజను ఇంకా బలంగా లాగుతుంది. అమ్మేటప్పుడు పాత రాత మళ్లీ ఎక్కించేస్తే కొనేవాడి కంట పడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు తయారీదారు ఇచ్చిన మూల నిర్దేశాలకి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదంది. అదే ఏడాది సవరణతో అక్రమమైన ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ వచ్చాయి. చట్టభయం కన్నా ఆ ‘కంట పడదు’ అన్నదే నన్ను ఆపింది. రెసిస్టరుదీ అదే పద్ధతి. ఆ డబ్బుతో మంచి టైర్లు, బ్రేకు ప్యాడ్లు వేయించాను. భాయ్ కొంచెం నిరుత్సాహపడ్డాడు.

ఇంకో మార్పుంది, దాన్ని ఎవరూ మార్పని అనరు. పెడల్స్ అందటానికి సీటు ముందుకి లాక్కుంటాం, స్టీరింగుకి దగ్గరగా కూర్చుంటాం. సగటు మగ శరీరానికి కొలిచి కట్టిన కారులో ఒదిగేది మనం. సీటుబెల్టు పెట్టుకున్నా, పోల్చదగిన ప్రమాదాల్లో స్త్రీ డ్రైవర్లు తీవ్రంగా గాయపడే అవకాశం పురుషులకన్నా 47 శాతం ఎక్కువని 2011లో అమెరికా గణాంకాల మీద వచ్చిన అధ్యయనం తేల్చింది. ఆ రీమ్యాప్ ఎవరు చెయ్యాలి?

నెలకోసారి తెల్లవారుజామున ఔటర్ రింగురోడ్డు ఎక్కుతాను. 2023లో అక్కడ కుడి వరసలకి వేగపరిమితి 120 చేశారు. ఆ లోపే ఈ బండికి చెప్పుకోదగ్గ ఆనందం ఉంది. అమ్మ ఎడమవైపు కూర్చుంటుంది. పోయినసారి శంషాబాద్ దాటాక కళ్లు తెరిచి, ‘‘ఇంకాస్త పోనీవే’’ అంది.