అతికించని కాగితం

కాగితం కాలికి తగిలితే కళ్లకద్దుకుంటాం. అదే కాగితాన్ని మర్నాడు పొయ్యిలో వేసి నీళ్లూ కాచుకుంటాం. ఏది దాచుకోవాలి, ఏది పారేయాలి అన్న ధర్మసందేహం ప్రతి ఇంట్లోనూ అటకెక్కి కూర్చునే ఉంటుంది.

వేసవి సెలవులకు మా మేనకోడలు బెంగుళూరు నుంచి కళ్యాణదుర్గం వస్తూ ఓ లావుపాటి నోటుపుస్తకం తెచ్చుకుంది. అందులో చిత్తుకాగితాలు అతికించి పక్కన నాలుగు మాటలు రాసుకోవాలట. "జంక్ జర్నల్ అంటారత్తా. ఏమేం అతికించాలో చెప్పు, నవలలు రాస్తావు కదా!" అంది. నవలలు రాసేవాళ్లకు చిత్తుకాగితాల సంగతి బాగా తెలుస్తుందని దాని నమ్మకం. అందులో తప్పు లేదులెండి.

"అనంతపురం నుంచి వచ్చిన బస్సు టిక్కెట్టు అతికించు. మిషను టిక్కెట్టు మీద అచ్చు వెలిసిపోతుంది గనక, పక్కన కూర్చున్నామె ఏం మాట్లాడిందో రాసి పెట్టుకో. శెనక్కాయలు పొట్లం కట్టిన కాగితంలో సగంలో తెగిన వార్తను నువ్వు పూర్తి చెయ్యి. పసుపు పూసిన శుభలేఖ మూల కత్తిరించి, ఆ పెళ్లిలో ఎవరు అలిగారో మీ నాన్ననడిగి రాయి" అన్నాను.

ఇదేం కొత్త విద్య కాదు. అమెరికాలో మార్క్ ట్వేన్, ముందే జిగురు పూసిన పేజీలుండే అతికింపు పుస్తకానికి 1873లో పేటెంటు పుచ్చుకున్నాడు. మన ఆడవాళ్లు వారపత్రికల సీరియళ్లు వారం వారం చించి, దబ్బనంతో కుట్టి, మైదా జిగురుతో అట్ట వేసుకున్నారు, ఏ పేటెంటూ లేకుండానే.

కానీ మన దాపుల్లో ఓ చిత్రముంది. ఉత్తరాల తీగెకు శుభవార్తలే మిగిలేవి. చావు ఉత్తరం గడప బయటే చించేసేవారు. ఆ తీగె చూసినవాడికి ఈ ఇంట్లో ఎవరూ పోలేదనిపిస్తుంది.

అటక మీంచి అమ్మ కుట్టుకున్న సీరియళ్లు దించాం. ఒకదానిలోంచి చీటీ జారిపడింది. 2002 జూన్. అమ్మ గొలుసు తాకట్టు పెట్టిన చీటీ.

550 మిల్లీమీటర్ల వాన పడితే మంచి ఏడనుకునే నేల మాది. ఆ ఏడు దేశమంతా కరువే. గొలుసు బస్సులో ఎవరో తెంపుకుపోయారని అమ్మ మాతో చెప్పింది. నేనప్పుడు బి.ఏ. చదువుతున్నాను. "అంత అజాగ్రత్తేందమ్మా!" అని నెల్లాళ్లు సాధించాను. కుదువ పెట్టింది విత్తనక్కాయలకో, నా హాస్టలు ఫీజుకో చీటీలో లేదు. చెప్పడానికి అమ్మా లేదు.

"ఇది అతికిద్దామత్తా! ఈ పాత సంతకం ఎంత బాగుందో!" అని పిల్ల జిగురు తీసింది. "ఆ పాత గోలంతా ఎందుకు, చించి పారేయండి" అన్నాడు మా అన్న.

చించేస్తే మా ఇంటి కథలో అమ్మ ఎప్పటికీ అజాగ్రత్త మనిషిగానే మిగిలిపోతుంది. అతికిస్తే, ఆమె అన్నేళ్లు దాచుకున్న లేమిని పుస్తకం తిరగేసిన ప్రతివాడికీ చూపించినట్టవుతుంది. అంత దాచాలనుకుంటే పొయ్యిలో వేయొచ్చు కదా, ఎందుకు వేయలేదు? చాలాసేపు ఆలోచించాను. విడిపించుకుంటానన్న ఆశ ఉన్నన్నాళ్లూ తాకట్టు చీటీని ఎవరూ చించరు.

నాకు తోచిన ధర్మం ఇదీ: మన తప్పు చెప్పే కాగితాన్ని నలుగురికీ చూపొచ్చు. ఎదుటివాళ్ల లేమి చెప్పే కాగితానికి వాళ్లనడగాలి. ఈ చీటీ రెండూ చెబుతోంది, అడగడానికేమో మనిషి లేదు.

చివరికి ఓ శుభలేఖ కవరును పేజీకి అతికించి, మూతి అంటించకుండా, చీటీని అందులో పెట్టించాను. కావాలనుకున్నవాళ్లు తీసి చదువుతారు, లేనివాళ్లు పేజీ తిప్పేస్తారు.

"పక్కన ఏం రాయాలత్తా?" అంది పిల్ల. దాని చేతిలో పెన్ను తీసుకుని, కవరు మీద నేనే రాశాను:

"అమ్మ గొలుసు బస్సులో పోలేదు."